సిలువవార్తయందు విభక్తి – ప్రయోగ – కాల విచారము

క్రైస్తవమతమునకు సంబంధించిన తెలుఁగు గ్రంథములను మన పండితులు తఱచుగాఁ జదువరు. అందులకుఁ గారణములు రెండు. మొదటిది మతభేదము. రెండవది భాష. కర్మణిప్రయోగములు మితిమీఱి యుండు ననియు, వాక్యములు పరభాషల మూసలోఁ బోసినట్లుండు ననియుఁ జెప్పి, 'పాదిరి తెలుఁగు' అని యొక పేరు పెట్టి వానిని విడిచివేయుదురు. ఈ యాక్షేపణము నిరాధారమని నేను చెప్పను. అయిన నొక్క విషయమున నది తలక్రిందైనదని నా యభిప్రాయము. క్రైస్తవమతమునకుఁ గేంద్రమైన సిలువను గూర్చి తెలుఁగు బైబిలు చెప్పు మాటలలో, ఆక్షేపింపఁబడిన యా కర్మణిప్రయోగములే, ఆ క్రియాంత్యములే, మూలమగు గ్రీకుభాషయందలి సూక్ష్మార్థమును నిలిపినవి. అంతియకాదు. సిలువవలనఁ గలుగు రక్షణము ఒక్కనాఁటితోఁ దీఱినదా, లేక జీవితమంతయు సాగునదా యను చిరకాలవివాదమునకు సమాధానము సైత మా విభక్తులలోను, ఆ క్రియలలోను దాఁగియున్నది. ఆ సంగతిని విజ్ఞుల యెదుటఁ బెట్టుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. మతప్రచారము గాని మతఖండనము గాని నా యుద్దేశము గాదు.

ముందుగా శబ్దమును విచారింతము. 'సిలువ' తెలుఁగుపదము గాదు, సంస్కృతభవమును గాదు. సిరియాభాషలో 'స్లీవా' యను పదమున కీ యర్థము గలదు. ఆ భాష కేరళదేశపుఁ బ్రాచీన క్రైస్తవుల యారాధనభాష. తమిళమున నది 'సిలువై' యైనది, తెలుఁగున 'సిలువ' యైనది. మన కతోలికులు నేఁటికిని 'స్లీవ' యనియే పలుకుదురు. వారిలో స్లీవయ్య యను పేరు వినఁబడుచునే యుండును. కొందఱు 'శిలువ' యని వ్రాయుట సంస్కృతమువలెఁ గనఁబడవలె నను కోరికచేఁ గలిగిన దిద్దుబాటే కాని, దానికి మూలము లేదు. కావున 'సిలువ' యనియే వ్రాయుట యుక్తము.

గ్రీకుమూలమున నున్న పదము 'స్టౌరోస్'. దానికి మొదటి యర్థము నిలువుగాఁ బాఁతిన మ్రాను. హోమరు కాలమున నది కంచెకుఁ బాఁతెడి గుంజమాత్రమే. తరువాతఁ బ్రాణదండనకుఁ బాఁతిన కొయ్యకుఁ బేరైనది. తెలుఁగున దీనికి 'కొఱ్ఱు' అని కాని, సంస్కృతమున 'శూలము' అని కాని భాషాంతరీకరింప వచ్చునుగదా యని పండితుల కనిపింపవచ్చును. కాని కొఱ్ఱు శరీరమును గ్రుచ్చునది; రోమకుల సిలువ శరీరమును గొయ్యకు బిగించి వ్రేలఁగట్టునది. 1968లో యెరూషలేము నగరమున కుత్తరమునఁ ద్రవ్వఁబడిన యొక సమాధిలో, ఇనుపచీల దిగియున్న మడమయెముక దొరకినది. ఆ శిక్ష యెట్టిదో దానివలన సాక్షాత్తుగాఁ దెలిసినది. భేదమును గాపాడుటకుఁ బరదేశపదమునే నిలుపుట భాషాంతరీకర్తల వివేకము. అయినను 'కొఱతవేయు' అను మన నుడికారమునకు సరిగా 'సిలువవేయు' అని క్రియను గల్పించిరి. పదము పరకీయము, క్రియ స్వకీయము.

ఈ శిక్ష ముఖ్యముగా బానిసలకు, తిరుగుబాటుదారులకు విధింపఁబడునది. క్రీస్తుపూర్వము 71లో స్పార్టకస్ అను దాసనాయకుని తిరుగుబాటణఁగిన పిమ్మట, కాపువానుండి రోమునగరమువఱకుఁ బోవు రాచబాట పొడవునను నాఱువేలమంది బానిసలను సిలువ వేసిరి. కావునఁ బౌలు మహాశయుఁడు సిలువవార్త లోకమునకు వెఱ్ఱితనముగాఁ దోఁచు ననుట యతిశయోక్తి గాదు. వధ్యుని కొయ్యను బూజింపవలె ననుట నాఁటి నాగరకునకు నవ్వులాటయే.

మన పాఠకులకు నిరపరాధి శూలారోహణ మనఁగానే యాదిపర్వమునందలి మాండవ్యుని కథ స్ఫురించును. దొంగలతోఁ గలిపి రాజభటులు తన్నుఁ గొఱ్ఱునఁ గ్రుచ్చఁగా, ఆ ముని తపోబలమునఁ బ్రాణములతో నిలిచి, యమధర్మరాజు సభకుఁ బోయి, 'ఏ పాపమున కీ ఫల' మని యడిగెను. బాల్యమునఁ బురుగులఁ బుల్లతో గ్రుచ్చిన పాపమునకని ధర్ముఁడు చెప్పఁగా, అల్పదోషమునకు మహాదండన యేల యని కినిసి, శూద్రయోనిని జనింపుమని శపించి, పదునాలుగేండ్లు నిండనివానికిఁ బాపము లేకుండునట్లు మర్యాద యేర్పఱచెను. అది దండనీతిని సంస్కరించిన కథ. అందలి ప్రశ్న, 'నా బాధ నా కర్మమునకుఁ దగినదేనా?' యనునది. సిలువకథయందలి ప్రశ్న వేఱు. అచట బాధపడువాఁడు తన కర్మమును విచారింపఁడు. తన్ను హింసించువారి క్షమకై ప్రార్థించును. 'ఈ బాధ యెవరికొఱకు?' అనుటయే యచటి ప్రశ్న. ఈ 'కొఱకు' అను చతుర్థితో మన విచారమును మొదలుపెట్టవలెను.

సువార్తలలో సిలువ యొక్కయర్థమును జెప్పు మొదటి విభక్తి యిదియే. క్రీస్తు మనకొఱకు మరణించె ననుట. మార్కుసువార్తలో నింతకంటె ఘాటైన పదము గలదు: అనేకులకుఁ 'బ్రతిగా'. ఆ సందర్భమున వాడిన 'విమోచనక్రయధనము' అనుమాట దాసుని విడిపించుటకుఁ జెల్లించు వెలకుఁ బేరు. ఈ చతుర్థి యెట్లు ఫలించునో పాశ్చాత్యశాస్త్రజ్ఞులు పలుతెఱఁగుల వివరించిరి. 1098 నాఁటికి ముగించిన తన ప్రసిద్ధగ్రంథమున నాన్సెల్మ్, పాపము దేవుని మహిమకుఁ జెల్లింపవలసిన ఋణమనియు, మనుష్యుఁడు తీర్పలేని యా ఋణమును దైవమనుష్యుఁడు తీర్చెననియు వాదించెను. తరువాతితరమువాఁడగు అబెలార్డు, సిలువయందుఁ గనఁబడిన ప్రేమయే మన హృదయములఁ బ్రేమను రగుల్చు ననెను. 1930లో స్వీడను దేశీయుఁడగు గుస్తాఫ్ ఔలేన్, పాపమృత్యువులను శత్రువులపై నది విజయమని చాటి, ఇదియే ప్రాచీనాచార్యుల మతమని చెప్పెను. ఋణవిముక్తి, ప్రేమప్రకాశము, యుద్ధవిజయము. ఈ మూఁడును 'కొఱకు' అను నొక్కమాటకు వ్యాఖ్యానములే.

ఇచట మన ధర్మశాస్త్రజ్ఞులు న్యాయముగానే యొక యాక్షేపణము చేయుదురు. ప్రాయశ్చిత్త మనఁగాఁ బాపము చేసినవాఁడు తానే యాచరింపవలసిన కృచ్ఛ్రాదులు. ఒకఁడు మందు త్రాగిన వేఱొకని జ్వరము దిగునా? ఒకరు కుడిచిన వేఱొకరి యాఁకలి తీఱునా? కర్త మాఱినయెడలఁ బాపికి శిక్ష తప్పవచ్చుఁ గాని, పాపబుద్ధి తప్పునా? ఈ ప్రశ్నను దాఁటివేసి, విశ్వసించినఁ జాలునని మాత్రమే చెప్పు బోధకుఁడు తన గ్రంథమునే సగము చదివినవాఁడు. ఏలయన, పౌలు చతుర్థితో నిలువలేదు. వెంటనే తృతీయకు వచ్చెను.

రోమీయులకు వ్రాసిన లేఖయందు నాఱవ యధ్యాయమును, గలతీయులకు వ్రాసినదానియందు రెండవ యధ్యాయమును జూడుఁడు. గ్రీకున 'సున్' అను నుపసర్గము క్రియలకుఁ దగిలియుండును. అది మన 'సహ' శబ్దమువంటిది. సహమరణము, సహసమాధి, సహజీవనము. తెలుఁగున 'క్రీస్తుతోఁ గూడ' అని సహార్థక తృతీయతో దీనిని దెలిపిరి. ఆయన మనకొఱకు సిలువవేయఁబడుట యొకటి. మన మాయనతోఁ గూడ సిలువవేయఁబడుట రెండవది. చతుర్థి దానమును జెప్పును, తృతీయ కలయికను జెప్పును. కేవలచతుర్థి యైనచో ధర్మశాస్త్రజ్ఞుల యాక్షేపణము నిలుచును. తృతీయ చేరినతోడనే యది వీడిపోవును. ఏలయన మందు త్రాగినవానికిని, జ్వరము గలవానికిని నిఁక వేఱుపాటు లేదు. రోగి వైద్యునితోఁ గూడి యున్నాఁడు.

అయినను మన వేదాంతు లొక జాగ్రత్త వహింపవలెను. 'ఇఁక జీవించువాఁడను నేను గాను, క్రీస్తే' యను తాత్పర్యము గల పౌలుమాట వినఁగానే యద్వైతసిద్ధి యని సంతోషించి ముగింపరాదు. సహార్థము రెండు వ్యక్తులున్నఁగాని పొసఁగదు. తనతోఁ దాను గూడి నడచుట యనుట లేదుగదా! ఆ వాక్యమే ముందునకు సాగి, 'నేను విశ్వాసమువలన జీవించుచున్నాను' అని మరల 'నేను'ను నిలిపినది. నశించినది 'నేను' యొక్క స్వాతంత్ర్యాభిమానము, 'నేను' గాదు. ఆ మతమును దాని మాటలలోనే గ్రహించుట విమర్శకునికి ధర్మము.

మూఁడవది యపాదానార్థము. దేనినుండి రక్షణము? మత్తయిసువార్త మొదటి యధ్యాయముననే యేసు నామమునకు నిర్వచనము చెప్పుచు, తన ప్రజలను వారి పాపములనుండి రక్షించుననిరి. పాపఫలమునుండి యని కాక, పాపములనుండి యని గదా! శిక్ష తప్పుటయే రక్షణమైనచో 'నరకమునుండి' యని చెప్పి యూరకుండవచ్చును. పాపమునుండియే యన్నపుడు, స్వభావము మాఱనిది రక్షణము పూర్తికాదని యర్థాపత్తిచేతఁ దేలుచున్నది.

ఇఁక ప్రయోగవిచారము. కర్మణిప్రయోగము తెలుఁగునకు సహజము గాదని మన వైయాకరణులు చెప్పుదురు. లోకవ్యవహారమున నది యరుదు. బైబిలుభాషలో నది యడుగడుగునను గనఁబడును. పెక్కుచోట్ల నది యనావశ్యకమే. కాని 'రక్షించుకొంటిని' అనక 'రక్షింపఁబడితిని' అనుటలో మాత్ర మది యావశ్యకము. కర్తను జెప్పక చెప్పుటయే దాని పని. రక్షించినవాఁడు దేవుఁడు, జీవుఁడు కర్మస్థానమున నున్నాఁడు. ఆత్మవికాసమును జెప్పునపుడు సైతము పౌలు, మేము మాఱుచున్నామని కాక, 'మార్చఁబడుచున్నాము' అని కర్మణియందే చెప్పెను. తన పురోగతికిఁ దానే కర్త ననుకొను సాధకుని యహంకారమున కిది చికిత్స.

కాని యంతయుఁ గర్మణియే యైనచో జీవుఁడు జడమగును. కావుననే ప్రక్కనే కర్తరిప్రయోగములు గలవు. శిష్యుఁడు తన సిలువ నెత్తికొనవలెను, వెంబడింపవలెను, శరీరమును దాని దురాశలతోఁ దానే సిలువవేయవలెను. ఈ రెండును గలియుచోటు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖయందు గలదు. అచటఁ దమ రక్షణమును భయముతోఁ 'గొనసాగించుకొనుఁ'డని యాజ్ఞాపించి, వెంటనే, మీలోఁ గార్యసిద్ధి కలుగఁజేయువాఁడు దేవుఁడే యని హేతువు చెప్పఁబడినది. ఆ తెలుఁగుక్రియను బరికింపుఁడు. మూలపదమునకుఁ గడవఱకుఁ బని చేయుట యని యర్థము. 'కొన' యనఁగా నంతము, 'సాగించు' ప్రేరణము, 'కొను' అనుప్రయోగము. ఈ 'కొను'ను సంస్కృతమునందలి యాత్మనేపదముతో మనవారు పోల్చుదురు. మూలక్రియ యొక్క రూపమును నట్టిదే. దేవుఁడు మొదలుపెట్టినదానిని జీవుఁడు తనకొఱకుఁ గొనవఱకు సాగించుకొనుట. ఏ పండితుఁ డీపదమును సూచించెనో తెలియదు గాని, అతనికి నమస్కారము.

కాలవిచార మన్నిఁటికంటె ముఖ్యము. గ్రీకుభాషలో జరిగి తీఱిన పనికొక రూపము, జరిగి ఫలము నిలిచియున్న పనికి వేఱొకరూపము, జరుగుచున్నదానికి మఱొకరూపము గలవు. రోమీయులకు వ్రాసినదానిలో మన ప్రాచీనస్వభావము క్రీస్తుతోఁ గూడ సిలువవేయఁ'బడెను' అని యున్నది. అది మొదటి రూపము. గలతీయులకు వ్రాసినదానిలో సిలువవేయఁ'బడియున్నాను' అని యున్నది, అది రెండవరూపము. పని నాఁటిది, స్థితి నేఁటిది. మన 'ఇయున్న' రూప మీ భేదమును జక్కఁగాఁ బట్టినది.

రక్షణమును గూర్చియు నిట్లే. ఎఫెసీయులకు వ్రాసినదానిలో 'రక్షింపఁబడియున్నారు'; కొరింథీయులకు వ్రాసిన మొదటిలేఖ మొదటి యధ్యాయమున 'రక్షింపఁబడుచున్న'; రోమీయులకు వ్రాసినదాని యైదవ యధ్యాయమున 'రక్షింపఁబడుదుము'. భూతము, వర్తమానము, భవిష్యత్తు మూఁడును గలవు. రెండవదానిని విశేషించి చూడుఁడు. 1611 నాఁటి ప్రసిద్ధమగు ఆంగ్లభాషాంతరీకరణము దీనిని 'రక్షింపఁబడిన' యను నర్థము వచ్చునట్లు చెప్పి, సాగుచున్న పనిని దీఱినపనిగాఁ జేసినది. 1881 నాఁటి సంస్కరణమునఁగాని యది దిద్దఁబడలేదు. నేఁడు మనవారు విరివిగాఁ జదువు తెలుఁగుబైబిలులో శతృరూపము నిలిచియున్నది. సిలువవార్త నశించు'చున్న'వారికి వెఱ్ఱితనము, రక్షింపఁబడు'చున్న'వారికి శక్తి. ఇరువురును దారిలోనే యున్నారు. ఎవ్వరును గమ్యము చేరలేదు.

కావున, 'ఫలానిదినమున నేను రక్షింపఁబడితిని, ఇఁక నాకుఁ గొఱఁత లేదు' అను వానికిని, 'నా సత్ప్రవర్తనము నిండిననాఁడు రక్షణము వచ్చును' అను వానికిని మధ్య వివాద మక్కఱలేదు. మొదటివాఁడు 'బడియున్న' రూపమును మాత్రమే యెఱుఁగును. రెండవవాఁడు 'బడుదుము' అను రూపమును మాత్రమే యెఱుఁగును. అతనికిఁ గర్మణిప్రయోగము సైతము తెలియదు. నడుమ నున్న 'బడుచున్న' రూపము నిరువురును మఱచిరి. ఆధ్యాత్మికాభివృద్ధి యనునది యా 'చున్న'యందున్నది.

ఇంతవఱకును భాషాంతరీకర్తలను మెచ్చితిని. ఒకలోపమును జెప్పకున్న విమర్శ పక్షపాతమగును. సిలువవేయవలసినదానిని గలతీయులకు వ్రాసినదానిలో 'శరీరము' అనిరి. మూలమున నున్నది 'సార్క్స్'. రోమీయులకు వ్రాసినదాని పండ్రెండవ యధ్యాయమున దేవునికి సజీవయాగముగా సమర్పింపవలసినదానిని సైతము 'శరీరము' అనియే యనిరి. అచట మూలమున నున్నది 'సోమ' యను వేఱుపదము. ఒకచోటఁ జంపఁదగినదియు, నొకచోట నర్పింపఁదగినదియు నొక్కటే యైనచోఁ బాఠకుఁడేమి గ్రహించును? ఉపవాసకాయక్లేశములే సిలువ యని తలంచును. ఆ భ్రమ పెక్కుమందికిఁ గలిగినది. కాని సార్క్సు యొక్క కార్యములని పౌలు లెక్కించిన పట్టికలో ద్వేషము, కలహము, మత్సరము, క్రోధము, కక్షలు గలవు. ఇవి దేహమువి గావు, మనసువి. సిలువ వేయఁదగినది యెముకలును మాంసమును గాదు, తన్నుఁ దానే నడుపుకొన నెంచు నహంభావము. రోమీయులకు వ్రాసినదానిలో 'ప్రాచీనస్వభావము' అను చక్కనిపదమును గూర్చినవారు, ఇచటను 'శరీరస్వభావము' అని యొక్కపదము చేర్చియుండిన నీ చిక్కు తీఱియుండును.

లోకవ్యవహారమునఁ గూడ నొకయర్థసంకోచము గలిగినది. వ్యాధి వచ్చినను, అప్పులపాలైనను, ఇంట నొకరితో నొకరికిఁ బడకున్నను 'ఇది నాకుఁ బ్రాప్తించిన సిలువ' యని నిట్టూర్తురు. వారి దుఃఖమును జులుకఁజేయుట నా తలంపు గాదు. కాని సువార్తలలో సిలువ మీఁదఁబడునది గాదు, 'ఎత్తికొను'నది. నాఁటి శ్రోత యామాట వినఁగానే, వధ్యస్థానమునకుఁ దన కొయ్యను దానే మోసికొనిపోవు నేరస్థుని దలంచెను. మరలి రానివాని నడక యది. లూకా యొక్కఁడే దానికిఁ 'బ్రతిదినము' అని చేర్చెను. మరలిరాని నడకను బ్రతిదినము నడచుట యెట్లు? వాచ్యార్థము బాధింపఁబడుటచే లక్షణ నాశ్రయింపవలెను: ప్రతియుదయమునను దన స్వార్థమును మరణదండన పొందినదానినిగా నెంచి, ఆనాఁటి పనులలోనికిఁ బోవుట. క్షమింపరానివానిని క్షమించుట, తనకు రావలసిన గౌరవమును విడుచుట, తనది గాని భారమును మోయుట. ఇవి యా నడకయందలి యడుగులు.

ఇట్లు సిలువ 'కొఱకు' అను విభక్తిలో దానము, 'తోఁ గూడ' అను విభక్తిలో సహవాసము, 'నుండి' యనుటలో విడుదల. కర్మణియందుఁ గృప, కర్తరియందు సాధనము. భూతమునఁ బునాది, వర్తమానమునఁ గట్టడము, భవిష్యత్తునఁ గప్పు. వీనిలో నొక్కదానినే పట్టుకొని తక్కినవానిని విడిచినవాఁడు, వాక్యమునం దొక్కపదమును మాత్రమే చదివి యన్వయము చెప్పఁబూనినవానివంటివాఁడు.

1812లో సేరంపురమున మొదటి తెలుఁగు సువార్తలు ముద్రితమైననాఁటినుండియు, 1818 నాఁటి క్రొత్తనిబంధన మొదలుకొనియు, నీ గ్రంథము పలుమాఱులు దిద్దఁబడుచు వచ్చినది. విశాఖపట్టణమున దేగ్రాంజి దొరకుఁ దోడ్పడిన యానందరాయరువంటి కొలఁదిమంది పేరులు మాత్రమే మనకు మిగిలినవి. తక్కిన పండితులు దొరల ప్రక్కఁ గూర్చుండి, యొక్కొక్క క్రియాంత్యమును దూఁచి, పేరు లేక పోయిరి. వారి తెలుఁగులో దోషము లెన్నియో కలవు. కాని మనము నవ్విన యా 'బడుచున్న'లో నొక మతము యొక్క ప్రాణము నిలిచియున్నది. ఈ విచారమునందలి స్ఖాలిత్యములను విజ్ఞులు సవరించి, తెలుఁగు క్రైస్తవవాఙ్మయమును భాషాదృష్టితో నిఁకనైనఁ బరిశీలింతురు గాక యని నా మనవి.